షూటింగుకు రానివాళ్ల చేతికే హార్డ్‌డిస్క్ ఇవ్వండి

మొన్న మా జూనియర్ ఒకడు ఫోన్ చేశాడు. కోర్సు చివర్లో గ్రూపుగా ఒక మ్యూజిక్ వీడియో తీసి ఇవ్వాలి కదా, వాళ్లది అయిపోవచ్చిందట. టైటిల్స్ వేసే దగ్గర తగాదా. "అన్నా, ఒక్కరోజు కూడా షూటింగుకు రానోళ్ల పేరు ఎందుకెయ్యాల? ఎండలో మాడింది మేము, పేరు మాత్రం అందరిదీనా?" అన్నాడు. పేరు వెయ్యండి, అసలు ఎడిటింగే వాళ్లకి ఇచ్చుంటే ఈ గొడవ ఉండేది కాదు అన్నాను. ఎగతాళి చేస్తున్నాననుకున్నాడు. "షూటింగే చూడనోడు ఏం కట్ చేస్తాడన్నా" అని నవ్వేసి వేరే మాటల్లోకి పోయాడు. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయిందే ఇక్కడ రాస్తున్నాను.

విద్యార్థుల గ్రూపు తీసే మ్యూజిక్ వీడియోని డైరెక్టర్ ఎడిట్ చేయకూడదు. కెమెరా పట్టినవాడు అసలే చేయకూడదు. ఏ కారణం చేతనైనా లొకేషన్‌కి రాలేకపోయినవాళ్లు గ్రూపులో ఒకరిద్దరు ఎప్పుడూ ఉంటారు, వాళ్లు చేయాలి. మన కాలేజీల్లో జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. ఎవడి దగ్గర మంచి ల్యాప్‌టాప్ ఉంటే వాడే ఎడిటర్, చాలాసార్లు కెమెరా కూడా వాడిదే. తక్కినవాళ్లు వాడి రూములో మంచం మీద కూర్చుని "నాది ఆ షాట్ ఉంది చూడు, అది పెట్టు" అంటుంటారు.

కట్ట షాట్

తిరుపతి అంటే అడుగడుగునా లొకేషనే కదా అనుకుంటారు బయటివాళ్లు. ఇక్కడ కెమెరా పట్టుకుని తిరిగినవాళ్లకి తెలుసు అసలు సంగతి. కొండ మీద రీల్స్ వద్దని టీటీడీ గట్టిగానే చెప్తూ వస్తోంది, డ్రోన్ మాట ఎత్తకూడదు. చంద్రగిరి కోట పురావస్తు శాఖది, ముందే అనుమతి తెచ్చుకోకుండా స్టాండూ సామానుతో లోపలికి పోలేం. శేషాచలం అంచున తెల్లారుజామున బ్యాగులు తగిలించుకుని నలుగురు కుర్రాళ్లు కనపడితే ఎర్రచందనం బ్యాచ్ అనుకుంటారు. గ్రూపులో పర్మిషన్లు, బండ్లు, టిఫిన్లు చూసుకునే పని నాది కాబట్టి ఈ "కుదరదు"లన్నీ నా చెవినే పడ్డాయి. చివరికి రాయలచెరువు కట్ట మీద తేలాం.

పాట సొంతది, మా క్లాసులో ఒకమ్మాయి కట్టింది. సినిమా పాటైతే అప్‌లోడ్ చేసిన మరుక్షణం యూట్యూబ్ పట్టేసుకుంటుంది. అన్నమయ్య కీర్తన పెడదామన్నారు ఒకరు. 15వ శతాబ్దపు సాహిత్యం మీద ఎవరికీ హక్కు లేదు నిజమే, కానీ మనకి నచ్చిన ఆ గొంతుదీ ఆ రికార్డింగుదీ హక్కు ఎవరిదో ఒకరిది ఉంటుంది. సరే, ఊరు వదిలి టౌనుకొచ్చి వేరే మనిషైపోయినవాడి గురించి తన పాట ఉందని ఆ అమ్మాయే ఇచ్చింది.

అనుకున్న షాట్ ఏమిటంటే, హీరో కట్ట మీద నడిచొస్తూ పల్లవి పాడతాడు, వెనక నీళ్ల మీద అప్పుడే వెలుగు పడుతుంటుంది, అంతా స్లో మోషన్. స్లో మోషన్‌లో పెదాలు పాటకి కలవాలంటే చిన్న కిటుకుంది. పాటని రెట్టింపు వేగంతో వినిపిస్తారు, మనిషి అదే వేగంతో పెదాలు ఆడిస్తాడు, కెమెరా సెకనుకి 50 ఫ్రేములు తీస్తుంది. తర్వాత దాన్ని 25 ఫ్రేముల్లో నడిపితే నడక నెమ్మదిస్తుంది, పెదాలు అసలు పాటకి అతుకుతాయి. చూసేవాళ్లకి అందంగా ఉంటుంది. తీసేటప్పుడు మాత్రం కట్ట మీద బ్లూటూత్ స్పీకర్‌లో గొంతు కీచుకీచుమంటుంటే ఒకడు పిచ్చెక్కినట్టు పెదాలాడిస్తూ వస్తుంటాడు. మేకలు తోలుకుపోతున్న పెద్దాయన ఆగి చాలాసేపు చూశాడు. "ఏమబ్బా, పాటకేమన్నా దెయ్యం పట్టిందా?" అన్నాడు. 2021 వానలప్పుడు ఈ కట్ట తెగుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు, ఆ కథంతా చెప్పి, "అట్లాంటి కట్ట మీద గంతులేస్తా ఉండారు" అని నవ్వుకుంటూ పోయాడు.

ఒకరోజు మబ్బు. ఇంకో రోజు గాలి హోరుకి స్పీకర్ వినపడక పెదాలు తప్పాయి. షాట్ దొరికిన రోజు కెమెరా పట్టినవాడు కెమెరాని ముద్దు పెట్టుకున్నాడు. ఆ పొద్దు నుంచి దాని పేరు "కట్ట షాట్". వీడియో మొత్తం ఒకెత్తు, అదొకెత్తు అని అందరం అప్పుడే తీర్మానించేసుకున్నాం.

ఎడిటింగ్ చేసింది పీలేరు అమ్మాయి. ఆమె కట్ట మీదికి రాలేదు. హాస్టల్ గేటు ఆ వేళకి తెరవరు. తెరిచినా, చీకట్లో మగపిల్లల బండ్ల మీద పోతానంటే ఇంట్లో ఒప్పుకునేవాళ్లు కాదు. ప్రిపరేషన్ సెలవులకి ఊరికి పోయింది కూడా. ఏదో ఒక పని ఇవ్వాలి కదా అని ఎడిటింగ్ ఇచ్చారు, అంతకు మించిన ఆలోచనేమీ లేదు. హార్డ్‌డిస్కుని పాత టవల్లో చుట్టి డబ్బాలో పెట్టి ఆర్టీసీ పార్శిల్‌లో నేనే వేశాను.

రఫ్ కట్, అంటే మొదటిసారి కూర్చిన వీడియో, వాట్సాప్‌లో పడింది. అందులో కట్ట షాట్ లేదు. తగ్గించిందీ కాదు, అసలు ఒక్క ఫ్రేము లేదు. హీరో వెంటనే ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు.

"కట్ట షాట్ యాడ?"

"తీసేసినా."

"ఎందుకు?"

"ఏముంది దాంట్లో? నడిచొస్తావు, అంతే గదా. నాలుగు రకాలుగా పెట్టి చూసినా. పల్లవి అయిపోయినా నువ్వింకా నడస్తానే ఉండావు."

"దానికోసం మూడింటికి లేసినాం మేము."

"మీరు మూడింటికి లేసినట్టు దాంట్లో కనపడలేదు నాకు."

ఆ మాటకి రూములో ఎవరూ బదులివ్వలేకపోయారు. కోపం మాత్రం చాలామందికి వచ్చింది.

కష్టానికి వాటా అడగడం

లొకేషన్‌లో ఉన్నవాడు షాట్‌ని షాట్‌గా చూడలేడు. ఆ చలి, ఆకలి, పెద్దాయన వెక్కిరింపు, దొరికిందన్న సంబరం, అన్నీ కలిపి చూస్తాడు. ఫోన్లో చూసే మనిషికి ఇవేవీ చేరవు. కథ ఉన్న షార్ట్ ఫిల్మ్‌లో అయితే కనీసం కథ అడ్డం పడుతుంది. ఎంత కష్టపడి తీసినా ఆ సీనుకి అక్కర్లేని షాటుని పెట్టడానికి చోటుండదు. మ్యూజిక్ వీడియోలో ఆ అడ్డు లేదు. బీట్ మీద పడితే చాలు, ఏ షాటైనా ఎక్కడైనా ఇమిడిపోయినట్టే ఉంటుంది. నాలుగు నిమిషాల పాటకి రెండున్నర సెకన్లకొక కట్ వేసుకుంటే దాదాపు వంద ముక్కలు. వంద ముక్కలున్నాయి, గ్రూపులో ఏడెనిమిది మంది ఉన్నారు, ఇంకేం, అన్నదమ్ముల ఆస్తి పంపకం మొదలవుతుంది. డ్రోన్ అద్దెకి తెచ్చినవాడికి డ్రోన్ షాట్లు, చీరలు తెచ్చినామెకి చీరలు కనపడే షాట్లు, అమ్మమ్మ ఊరిలో అన్నం పెట్టించినవాడికి ఆ ఊరి గుడి. తీరా చూస్తే వీడియోలో అందరూ ఉంటారు, పాట ఉండదు. మా సీనియర్లవీ జూనియర్లవీ చాలా చూశాను, ఎక్కువ భాగం ఇట్లాంటివే. మొదటి నిమిషంలోనే ఎవరెవరు ఏమేం తెచ్చారో చెప్పేయొచ్చు.

షూటింగుకు రానివాళ్లకి ఈ పంపకంలో వాటా లేదు. పెద్దగా మొహమాటమూ లేదు.

పీలేరు అమ్మాయి విషయంలో ఇంకోటి కూడా కలిసొచ్చింది. ఆమె ల్యాప్‌టాప్ పాతది, అసలు ఫుటేజ్ పెడితే బిగుసుకుపోయేది. దాంతో అన్నింటికీ తక్కువ నాణ్యత కాపీలు చేసుకుని, ప్రాక్సీలంటారే, వాటి మీద కట్ చేసింది. చిన్న కిటికీలో, మసకగా. కట్ట మీది ఆ వెలుగు, నీళ్ల మీది ఆ మెరుపు ఆమెకి సరిగ్గా కనపడనే లేదు. కనపడిందల్లా మనిషి కదలిక, మొహం, ఎక్కడ చూస్తున్నాడన్నది. అందం కనపడకపోతే అన్యాయం చేసినట్టే కదా అని కెమెరావాడు వాదించాడు. నాకైతే అదే సరైన పరీక్ష అనిపిస్తుంది. మన వీడియోలు చూసేది బస్సులో, పగిలిన స్క్రీన్ మీద, సిగ్నల్ లేక మసకబారిన 240పీలో. అందం ఒక్కటే ఆసరాగా ఉన్న షాటు అక్కడ నిలబడదు.

కట్ట షాట్ పోయిన చోట ఆమె పెట్టింది గంగజాతరలో తీసిన ముక్క. మే నెలలో మా షూటింగ్ మధ్యలో జాతర వచ్చింది. వేషాలు తీద్దామని కెమెరా పట్టుకుని తాతయ్యగుంట వైపు పోయాం. అక్కడ బంకు ముందు ఒకాయన, మొక్కు తీర్చుకోవడానికి చీర కట్టి, గాజులేసి, తల నిండా పూలు పెట్టుకుని, గుబురు మీసంతో నిలబడి సోడా తాగుతున్నాడు. మావాడు ఫోకస్ చూసుకోడానికి అటు తిప్పాడు. ఆయన కెమెరా వైపొకసారి చూసి, గ్లాసు కింద పెట్టి, పైట సర్దుకుని, మళ్లీ గ్లాసు తీసుకున్నాడు. అంతే, నాలుగు సెకన్లు. షూటింగ్ కాగితంలో దాని ఎదురుగా "ఎన్‌జీ" అని రాసుంది. కాగితం రాసినవాళ్లకి అది పనికిరానిది. ఆ అమ్మాయి కాగితం కన్నా ముందు ఫుటేజ్ చూసింది. పల్లవి అయిపోయి డప్పు ఆగే చోట, వేరే మనిషైపోయినవాడి పాటలో, ఆ పైట సర్దుకోవడం వచ్చి పడింది. పాట కట్టినమ్మాయి అది చూసి, ఇది నా పాటే అంది. అంతకుముందు ఏ షాటు చూసీ ఆ మాట అనలేదు.

తెలియకపోవడంలో ఉన్న ఇబ్బంది

ఇంత చెప్పాక రెండోవైపు కూడా చెప్పాలి. అక్కడ లేనివాళ్లకి కొన్ని నిజంగానే తెలియవు. ఆ సోడా తాగే ఆయన్ని మేం అడగలేదు. ఫోకస్ కోసం తీసిందాన్ని అడిగేదేముంది అనుకున్నాం. ఆయన వీడియోలోకి వస్తాడని అప్పుడెవరికీ తెలీదు, అడగలేదన్న సంగతి ఎడిటర్‌కి తెలీదు. రఫ్ కట్ చూసిన తెల్లారి నేను బంకాయన దగ్గరికి పోయి ఆరా తీశాను. ఆ మనిషి ఆటో తోలతాడని, సాయంత్రం వస్తాడని చెప్పాడు. ఆయనొచ్చాక ఫోన్లో ముక్క చూపించి, పెట్టుకోవచ్చా అని అడిగాను. రెండుసార్లు వేయించుకుని చూసి, "మీసం బాగా పడిందే" అని, ఇంట్లోవాళ్లకి పంపమన్నాడు. ఆయన వద్దనుంటే ఆ ముక్క తీసేయాల్సిందే. కాబట్టి రానివాళ్లకి హార్డ్‌డిస్క్ ఇచ్చేటప్పుడు ఏది ఎవరిని అడిగి తీశాం, ఏది అడగలేదు అన్న ఒక్క చీటీ మాత్రం తప్పకుండా పెట్టాలి. ఏది బాగుంది, ఏది బాగోలేదు అన్న చీటీ అక్కర్లేదు.

ఇంకో అభ్యంతరం మా జూనియర్ అన్నదే. ఇట్లా చేస్తే షూటింగుకి ఎగనామం పెట్టేవాళ్లకి బహుమతి ఇచ్చినట్టు కాదా? గుంపులో దాక్కునేవాళ్లు ఉంటారు, కాదనను. 1979లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల చేత చప్పట్లు కొట్టించి, కేకలు పెట్టించి ఆ శబ్దం కొలిచారు. గుంపు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు చేసే శబ్దం తగ్గింది. తర్వాతి ప్రయోగాల్లో, ఎవరి శబ్దం ఎంతో విడిగా తెలుస్తుందని చెప్పేసరికి ఆ తగ్గుదల పోయింది. దాక్కునేవాణ్ణి తీసుకుపోయి కట్ట మీద నిలబెడితే వాడు అక్కడా దాక్కుంటాడు, రిఫ్లెక్టర్ పట్టుకుని ఫోన్ చూసుకుంటాడు. ఎడిటింగ్‌లో దాక్కునే చోటు లేదు. టైమ్‌లైన్ మీద ఉన్న ప్రతి కట్టూ వాడిదే, ఖాళీగా ఉంటే ఆ ఖాళీ కూడా వాడిదే. బహుమతనుకుని తీసుకున్నవాడికి రెండు రోజుల్లో సంగతి తెలిసొస్తుంది.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టే అభ్యంతరం వేరే ఉంది, దాన్ని మా క్లాసులోనే ఇంకో అమ్మాయి ముందు పెట్టింది. మన ఊళ్లల్లో తెల్లారుజాము షూటింగుకు రాలేనివాళ్లంటే ఎక్కువగా ఎవరు? అమ్మాయిలే. అప్పుడు నీ సూత్రం ప్రకారం అబ్బాయిలు కెమెరాలు పట్టుకుని ఊరంతా తిరుగుతారు, అమ్మాయిలు ఇంట్లో కూర్చుని అతుకులేస్తారు, అంతేనా? ఇది కొత్త సంగతీ కాదు. మూకీల కాలంలో హాలీవుడ్ కటింగ్ గదుల్లో ఆడవాళ్లు చాలామంది పనిచేశారు, ఆ పనిని కుట్టుపనితో పోల్చేవాళ్లు. దానికి పేరూ పరపతీ వచ్చేకొద్దీ మగవాళ్లు నిండిపోయారు. మన దగ్గరైనా, పద్మావతి మహిళా యూనివర్సిటీలో గ్రూపు ప్రాజెక్టంటే కెమెరా పట్టేదీ లైటు మోసేదీ అమ్మాయిలే కదా. అంటే చేతకాకపోవడం ఎక్కడా లేదు, అమ్మాయిలు ఆగిపోతున్నది హాస్టల్ గేటు దగ్గర.

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. షూటింగ్ వేళలు మార్చుకోవచ్చు, పొద్దున తొమ్మిది తర్వాత తీయగలిగినవే తీద్దామని గ్రూపు అనుకోవచ్చు. అప్పుడు వెలుగు అంత బాగుండదు, ఏం పోయింది. వంతులు వేసుకోవచ్చు, ఈ పాటకి ఆగినవాళ్లు వచ్చే పాటకి పోవాలి. ఎన్ని చేసినా ఆ ఏడాదికి, ఆ గ్రూపులో, ఎవరో ఒకరు ఆగిపోతారు. వాళ్లకి సాధారణంగా మిగిలేవి మేకప్, కాస్ట్యూమ్స్, రిపోర్టు టైపింగ్. వాటికి బదులు ఏది ఉండాలో ఏది పోవాలో తేల్చే పని ఇవ్వమంటున్నాను. పీలేరు అమ్మాయికి దక్కింది చిన్న పని అని ఆ రోజు స్పీకర్ ఫోన్ చుట్టూ ఉన్నవాళ్లెవరూ అనుకుని ఉండరు. మా అందరికీ కోపం వచ్చిందే ఆ పని పెద్దది కాబట్టి.

కాలేజీలు ఇందులో చేయగలిగింది కూడా ఒకటుంది. వీడియోతో పాటు ఒక రిపోర్టు అడుగుతారు, గ్రూపుగా పనిచేసి ఏం నేర్చుకున్నారో రాయమని. అందరూ "కలిసికట్టుగా పనిచేయడం నేర్చుకున్నాం" అని రాస్తారు, ఒకరు రాసింది అందరూ మార్చి రాసుకుంటారు, చదివేవాళ్లకీ తెలుసు. దాని బదులు తీసి పారేసిన షాట్ల జాబితా అడగండి. ఏది తీసేశారు, ఎవరు తీసేశారు, ఎవరు వద్దన్నారు. మా గ్రూపులో ఒక్క కట్ట షాట్ గురించే నాలుగు పేజీలు వచ్చేవి, ఏ ఇద్దరివీ ఒకేలా ఉండేవి కావు.

నాకు వ్యతిరేకంగా ఉన్న సాక్ష్యం ఒకటి మిగిలింది, దాచను. సబ్మిషన్ అయిపోయాక మా హీరో అదే ఫుటేజ్‌తో తన వెర్షన్ ఒకటి చేసుకున్నాడు. కట్ట షాట్‌తో మొదలై కట్ట షాట్‌తో ముగుస్తుంది. తన ఛానెల్‌లో వేసుకున్నాడు. మేమందరం కలిసి వేసినదానికంటే దానికే వ్యూస్ ఎక్కువ. వాళ్ల ఊరివాళ్లు, చుట్టాలు, టెన్త్ బ్యాచ్ మొత్తం షేర్ చేసుకున్నారు. వాళ్లు చూసింది పాట కాదు, వాళ్ల అబ్బోణ్ణి అని నేనంటాను. అయితే ఏంది, చూసినారు గదా అంటాడు వాడు. అందులో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. ఎవరి కట్ వాళ్లు చేసుకుని దాచుకోవడానికి అడ్డం చెప్పేవాళ్లెవరూ లేరు. గ్రూపు పేరుతో బయటికి పోయే ఆ ఒక్కటి ఎవరి చేతుల్లో తయారవ్వాలన్న దగ్గరే మా ఇద్దరికీ పేచీ. కలిసినప్పుడల్లా వ్యూస్ లెక్క చెప్తాడు, నేను డప్పు ఆగే చోటు గురించి చెప్తాను, టీ అయిపోతుంది. పీలేరు అమ్మాయికి ఆ వెర్షన్ లింక్ పంపిస్తే ఇంతవరకు తెరిచి చూడలేదు. "ఇంకా నడస్తానే ఉండాడా?" అని మాత్రం అడిగింది.